టూత్‌బ్రష్ పోచల కొనలను సూదిమొనగా ఎలా చేస్తారు?

సూదిమొన పోచలను చెక్కి తయారు చేస్తారా అని అడిగారు. చెక్కరు, కరిగిస్తారు. పీబీటీ అనే పాలిస్టర్ పోచలను కట్టలుగా కట్టి, కొనలను వేడి కాస్టిక్ సోడా ద్రావణంలో ముంచుతారు. క్షారం పాలిస్టర్‌ను పైపొర నుంచి కొద్దికొద్దిగా తినేస్తుంది. ముంచే లోతు, వేడి, సమయం సరిగ్గా కుదిరితేనే కొన క్రమంగా సన్నబడుతుంది. తర్వాత శుభ్రంగా కడిగి బ్రష్ తలలో నాటుతారు.

1938లో టూత్‌బ్రష్‌లలోకి వచ్చిన నైలాన్ క్షారానికి అంతగా లొంగదు. అందుకే ఆ పోచలను కత్తిరించాక కొనలను అరగదీసి గుండ్రంగా చేస్తారు. ధర తక్కువని ఈ పని ఎగ్గొట్టిన బ్రష్‌ను మాత్రం దయచేసి కొనకండి. కత్తిరించి వదిలేసిన పదునైన అంచు చిగుళ్లను గీరుతుంది. సూదిమొన పోచలు పళ్ల సందుల్లోకి బాగా దూరతాయి, కానీ వాటితో గట్టిగా రుద్దకూడదు.