బ్లాక్ బెల్ట్ ఉంటే స్పోర్ట్స్ కోటా వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్లు, ఎనిమిదో తరగతి. నాలుగేళ్లుగా తైక్వాండో నేర్చుకుంటున్నాడు. రెడ్ బెల్ట్ దాకా వచ్చాడు. వాడితోపాటే వేరే చోట కరాటేలో చేరిన పిల్లాడికి అప్పుడే బ్లాక్ బెల్ట్ ఇచ్చేశారు. మా మాస్టారేమో ఇంకో ఏడాది ఆగమంటున్నారు. క్లాసు మార్చాలా? బ్లాక్ బెల్ట్ వస్తే రేపు స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, క్లాసు మార్చకండి. ఫీజు కడితే చాలు బెల్టు ఇచ్చేసే చోట్లు ఉన్న రోజుల్లో, ఆగమని చెప్పే మాస్టారు దొరకడం మీ అబ్బాయి అదృష్టం.

ఆ కరాటే పిల్లాడితో పోల్చుకోవడం కూడా మానేయండి. బ్లాక్ బెల్టులో మెట్లను ‘డాన్’ అంటారు. ఈ డాన్ పద్ధతిని 1880ల్లో జపాన్‌లో జూడో కోసం మొదలుపెట్టింది జిగోరో కానో. కరాటే, ఆ తర్వాత తైక్వాండో దాన్ని తీసుకుని ఎవరి కొలతలు వారు పెట్టుకున్నాయి. కరాటేలోనైతే ఒక స్కూలు బ్లాక్ బెల్టుకీ ఇంకో స్కూలు బ్లాక్ బెల్టుకీ పొంతన ఉండదు.

మీవాడి ఆటలో వైట్ నుంచి రెడ్ దాకా కలర్ బెల్టులు మాస్టారే పరీక్ష పెట్టి ఇస్తారు. బ్లాక్ బెల్టుకి మాత్రం సియోల్‌లోని తైక్వాండో ప్రధాన కేంద్రం కుక్కివోన్ ఇచ్చే సర్టిఫికెట్టుకే అంతర్జాతీయంగా విలువ. 15 ఏళ్లలోపు పిల్లలకు డాన్ బదులు ‘పూమ్’ ఇస్తారు, ఎరుపు నలుపు కలిసిన బెల్టు అది. 15 నిండాక దరఖాస్తు చేసుకుంటే డాన్‌గా మారుస్తారు. కాబట్టి ఏడాది ఆగినా మీవాడు కోల్పోయేది లేదు.

ఈసారి ప్రాక్టీసుకు వెళ్లినప్పుడు వాడు పూమ్సే (ఒక వరుసలో వేసే అడుగులు, దెబ్బలు) చేస్తుంటే గమనించండి. రెడ్ బెల్ట్ పిల్లలు తెగుక్ అనే పూమ్సేల్లో ఎనిమిదోదాని దాకా నేర్చుకోవాలి. ముందు కాలు మోకాలు సరిగా వంగుతోందా, తన్నాక కాలు వెనక్కి మడిచి దింపుతున్నాడా, చివరికి మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగుతున్నాడా? అడుగుల కొలత తప్పితే రెండు మూడు అడుగుల అవతల తేలతాడు. మాస్టారు ఎందుకు ఆగమన్నారో మీకే తెలుస్తుంది.

ఇక ఉద్యోగం సంగతి. కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటా గుర్తించిన ఆటల్లో తైక్వాండో, కరాటే, జూడో మూడూ ఉన్నాయి. కానీ అక్కడ బెల్టు అడగరు. దేశం తరఫునో, రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లోనో, యూనివర్సిటీ తరఫున అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లోనో, రాష్ట్ర స్కూళ్ల జట్టు తరఫున జాతీయ స్కూల్ గేమ్స్‌లోనో ఆడాడా అని చూస్తారు. స్కూల్ గేమ్స్ సర్టిఫికెట్టయితే రాష్ట్ర విద్యాశాఖలో ఆటల బాధ్యత చూసే అధికారి సంతకం ఉండాలి. ఎక్కువమంది తల్లిదండ్రులు దెబ్బతినేది ఇక్కడే. ‘నేషనల్’ అని బ్యానర్ కట్టిన ప్రైవేటు టోర్నమెంట్లకు వేలకు వేలు ఎంట్రీ ఫీజు కట్టి, మెడల్స్ పట్టుకుని దరఖాస్తు దాకా వస్తారు. అవి చెల్లవని అప్పుడు తెలుస్తుంది. అంత చిన్న పిల్లల కష్టం అలా వృథా కావడం చూస్తే నాకు చాలా బాధేస్తుంది. డబ్బు కట్టకముందే ఆ టోర్నమెంటు నడిపే ఫెడరేషన్‌కు కేంద్ర క్రీడా శాఖ గుర్తింపు ఉందో లేదో కనుక్కోండి.

అలాగని బ్లాక్ బెల్ట్ అక్కర్లేదనుకోకండి. ప్రపంచ తైక్వాండో పోటీల్లో దిగాలంటే పూమ్ లేదా డాన్ సర్టిఫికెట్ ఉండాల్సిందే. కోచింగ్ వైపు వెళ్తానన్నా కావాలి. మొదటి డాన్ తర్వాత రెండోదానికి ఏడాది, మూడోదానికి రెండేళ్లు, నాలుగోదానికి మూడేళ్లు కనీసం ఆగాలి. బీపీఈడీ చేసి స్కూల్లో పీఈటీగా చేరాలంటే డిగ్రీ తప్పదు, చదువు పక్కన పెట్టనివ్వకండి.

ఈ వారం మాస్టారిని రెండు విషయాలు అడగండి: పూమ్ పరీక్ష అయ్యాక కుక్కివోన్ నంబరున్న సర్టిఫికెట్ వస్తుందా, ఈ ఏడాది స్కూల్ గేమ్స్ అండర్-14 జిల్లా సెలక్షన్లకు మావాణ్ని ఏ వెయిట్‌లో దింపుతున్నారు? సెలక్షన్లు స్కూలు పీఈటీ ద్వారానే జరుగుతాయి కాబట్టి ఆయన్నీ ఒకసారి కలవండి.