నీట్‌లో 380 వచ్చిన పాపకు లాంగ్ టర్మ్ పెట్టించాలా? ముందు ఆ పేపరు బయటికి తీయండి

ప్రశ్న: మా పాపకు మొదటిసారి నీట్‌లో 380 వచ్చాయి. తిరుపతిలోనే లాంగ్ టర్మ్ (మళ్ళీ రాయడానికి ఏడాది కోచింగ్) పెట్టించాలా, ఇంట్లో చదివించాలా, బీఫార్మసీలో చేర్చేయాలా?

అన్నా, 380 అనే అంకె ఒక్కటే చూసి ఎవరు సలహా ఇచ్చినా నమ్మకండి. ఒక పాప 110 రైట్, 60 తప్పు పెట్టి, 10 వదిలేసి ఉండొచ్చు. రైటుకు 4 వస్తాయి, తప్పుకు 1 పోతుంది కాబట్టి 440లో 60 పోతే 380. ఇంకో పాప 98 రైట్, 12 తప్పు పెట్టి, 70 ముట్టుకోకుండా వచ్చేసి ఉండొచ్చు. 392లో 12 పోతే అదే 380. మొదటి పాపకు సబ్జెక్టు వచ్చు, మూడు గంటల పేపరు రాయడం రాలేదు. రెండో పాపకు సిలబస్సే సగం మిగిలిపోయింది. లాంగ్ టర్మ్‌లో ఇద్దర్నీ ఒకే బ్యాచ్‌లో కూర్చోబెట్టి మళ్ళీ యూనిట్స్ అండ్ మెజర్‌మెంట్స్ దగ్గర్నుంచి మొదలుపెడతారు. మొదటి పాపకు అక్కడ ఒక ఏడాది పోతుంది.

ప్రశ్నపత్రం పిల్లలు ఇంటికే తెచ్చుకుంటారు. జవాబుల గడులు (బబుల్స్) దిద్దిన ఓఎంఆర్ షీటు స్కాన్ కాపీ, కీ పరీక్ష పెట్టే ఎన్‌టీఏ వెబ్‌సైట్‌లో పెట్టినప్పుడే దించుకుని ఉంటారు. ఆ మూడూ ముందు పెట్టుకుని, తప్పు పోయినవీ వదిలేసినవీ మాత్రమే ఒక ఆదివారం టైం పెట్టకుండా మళ్ళీ చేయించండి. జవాబు గుర్తుందంటే సరిపోదు, ఎందుకో నోటితో చెప్పించండి. ప్రతి ప్రశ్న పక్కన ఒక అక్షరం రాయించండి. అసలు తెలీకపోతే ‘తె’. ఇప్పుడు చేయగలిగి ఆ రోజు తొందరలో పోగొట్టుకుంటే ‘తొ’. రెండు ఆప్షన్ల మధ్య ఊహించి పెట్టి ఉంటే ‘ఊ’.

‘తొ’ అంటే ఎలాంటిదో చూడండి. మామూలుగా ఊపిరి వదిలాక ఊపిరితిత్తుల్లో మిగిలే గాలి ఎంత అని అడుగుతారు. అది ఫంక్షనల్ రెసిడ్యువల్ కెపాసిటీ, అంటే ఇంకా బలవంతంగా వదలగలిగే గాలి (ఈఆర్‌వీ), ఎంత వదిలినా మిగిలిపోయే గాలి (రెసిడ్యువల్ వాల్యూమ్, ఆర్‌వీ) రెండూ కలిపి. ఎన్‌సీఈఆర్‌టీ అంకెల ప్రకారం 1000–1100కి 1100–1200 కలిపితే 2100–2300 మిల్లీలీటర్లు. ప్రశ్నలో ‘బలవంతంగా వదిలాక’ అని ఉంటేనే అది రెసిడ్యువల్ వాల్యూమ్. పిల్లకు రెండూ నోటికి వచ్చు. కానీ ‘మిగిలే గాలి’ అన్న మాట కనిపించగానే 1100–1200కి బబుల్ దిద్దేస్తుంది. ఈ పిల్లకు శ్వాసక్రియ చాప్టర్ పదోసారి చదివించి లాభం లేదు. ప్రశ్నలో ‘మామూలుగా’, ‘బలవంతంగా’, ‘కానిది ఏది’ లాంటి మాటల కింద గీత గీసే అలవాటు చేయించాలి. రెండు నెలల టెస్టుల్లో అది వచ్చేస్తుంది.

లెక్క తేలాక నిర్ణయం కష్టం కాదు. ‘తె’లు ఎక్కువై, అందులోనూ ఫిజిక్స్‌లో ఉంటే క్లాసు కావాలి. ఫిజిక్స్ లెక్క ఎక్కడ ఆగిందో పక్కన కూర్చుని చూపించే మనిషి లేకుండా ఇంట్లో ముందుకు సాగదు. ‘తొ’లు, ‘ఊ’లు ఎక్కువైతే ఇంట్లోనే ఉంచి వారానికో పూర్తి టెస్టు రాయించండి. ఒక తప్పు రైట్ అయితే 5 మార్కులు పెరుగుతాయి, పోయే 1 ఆగి 4 వస్తాయి. అలాంటివి 20 సరిదిద్దుకుంటే 380 కాస్తా 480 అవుతుంది.

లాంగ్ టర్మ్ అనే నిర్ణయానికే వస్తే, ఊరంతా కట్టిన ఫ్లెక్సీల మీద ర్యాంకులు చూసి డబ్బు కట్టకండి. బ్యాచ్‌లో ఎంతమంది, టెస్టు రాసిన మర్నాడు ఆ పేపరు ఎవరు కూర్చుని చర్చిస్తారు, ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఈ మూడూ అడగండి. పొద్దున అయిదు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్ అని గొప్పగా చెబుతారు. నిద్ర చాలని పిల్ల రెండో వారానికే పుస్తకం మీద తల పెట్టి పడుకుంటుంది, దాన్ని కూడా చదువు గంటల్లోనే లెక్కేస్తారు. పాత మెటీరియల్ కొనేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. 2024 నుంచి సాలిడ్ స్టేట్, పాలిమర్స్, జీర్ణక్రియ లాంటి చాప్టర్లు నీట్ సిలబస్‌లో లేవు. సెకండ్ హ్యాండ్ పుస్తకాల్లో అవన్నీ అలాగే ఉంటాయి, పిల్లలు వాటిని బట్టీ కొడుతుంటారు.

ఎవరూ నేర్పనిది ఓఎంఆర్. 2025 నుంచి 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, అన్నీ రాయాల్సినవే. బబుల్ దిద్దడానికి 5 సెకన్లు అనుకున్నా 180కి 900 సెకన్లు, పావుగంట. జవాబులన్నీ బుక్‌లెట్‌లో టిక్కులు పెట్టుకుని చివర్లో దిద్దుదామనుకునే పిల్ల పరిస్థితి చూడండి. నాలుగు ముప్పావు అయ్యాక ఫిజిక్స్‌లో ఇంకా ఆరు లెక్కలు మిగిలి ఉంటాయి. పెన్ను పట్టుకున్న చేతికి చెమట. 63వ ప్రశ్న వదిలేసిన సంగతి మరచిపోయి 64 జవాబును 63 ఎదురుగా దిద్దుతుంది. అక్కడ్నుంచి కిందిదాకా వరుస ఒక్కో గడి పైకి జరుగుతుంది. పెన్నుతో దిద్దింది చెరపలేం. ఏడాది కష్టం చివరి పదిహేను నిమిషాల్లో పోతుంది. బుక్‌లెట్‌లో ఒక పేజీ అయిపోగానే ఆ పేజీ జవాబులు దిద్దాలి, వదిలేసిన ప్రశ్న నంబరు చుట్టూ సున్నా చుట్టాలి. ఇంట్లో రాసే ప్రతి టెస్టూ ఓఎంఆర్ షీటు మీదే, నల్ల బాల్ పెన్నుతోనే రాయించండి. టైం బయాలజీకి 50 నిమిషాలు, కెమిస్ట్రీకి 50, ఫిజిక్స్‌కు 60, వదిలేసిన వాటికి 20 అని పంచుకోవాలి.

ఊహించడం గురించి కూడా చెప్పాలి. నాలుగులో రెండు ఆప్షన్లు కచ్చితంగా కాదని తెలిస్తే పెట్టేయాలి. అలాంటివి పది పెడితే సగటున అయిదు రైట్, 20లో 5 పోయినా 15 లాభం. ఒక్క ఆప్షన్ కూడా కొట్టేయలేకపోతే వదిలేయడమే నయం. ప్రశ్న తయారుచేసేవాళ్ళు తెలీని పిల్ల దేనికి ఆకర్షితురాలవుతుందో ఊహించి మరీ తప్పు ఆప్షన్లు రాస్తారు.

పరీక్ష మధ్యాహ్నం 2 నుంచి 5, గేటు 1:30కే మూస్తారు. మే నెల తిరుపతి ఎండలో అన్నం తిన్నాక ఆ వేళకు కళ్ళు మూతలు పడతాయి. అందుకే మాక్ టెస్టులు కూడా సరిగ్గా ఆ టైంకే పెట్టాలి, అన్నం పదకొండున్నరకే తినిపించాలి. మొక్కు ఉంటే అలిపిరి మెట్లు పరీక్ష అయ్యాక ఎక్కించండి. ముందు రోజు 3550 మెట్లు ఎక్కిన పిల్ల మర్నాడు కాళ్ళ నొప్పులతో మూడు గంటలు కుదురుగా కూర్చోలేదు.

సర్టిఫికెట్లు ఇప్పుడే సర్దండి. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు లేకపోతే ఎస్వీ యూనివర్సిటీ ప్రాంతం పిల్ల (ఎస్వీయూ లోకల్) అని తేల్చడం కష్టం. పదో తరగతి మార్కుల మెమోలో, ఆధార్‌లో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో చూడండి. మీరు బీసీ అయితే, మన రాష్ట్ర జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్రం ఓబీసీ జాబితాలో ఉండవు. ఆలిండియా 15 శాతం కోటాకు కేంద్రం జాబితానే లెక్క, సర్టిఫికెట్ కూడా ఆ నమూనాలోనే ఉండాలి.

బీఫార్మసీకి రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ర్యాంకు చాలు. కానీ చేరి అక్కడే నీట్‌కు చదువుదామంటే రెండూ చెడతాయి, ల్యాబులు, ఇంటర్నల్స్ ఊపిరి సలపనివ్వవు. నీట్ ర్యాంకుతో ఎంబీబీఎస్ ఒక్కటే కాదు, పశువైద్యం, ఆయుర్వేదం కూడా ఉన్నాయి. పశువైద్య విశ్వవిద్యాలయం, టీటీడీ ఆయుర్వేద కాలేజీ మన తిరుపతిలోనే ఉన్నాయి. స్విమ్స్‌లో అనస్తీషియా, డయాలసిస్, రేడియోగ్రఫీ లాంటి పారామెడికల్ డిగ్రీలు, ఫిజియోథెరపీ ఉన్నాయి. పశువుల డాక్టరా అని మొహం తిప్పుకునే తల్లిదండ్రుల్ని చూస్తే నాకు బాధేస్తుంది. పిల్లకు ఇష్టమో కాదో అడగకుండానే ఆ సీటు వదిలేస్తారు.

ఆదివారం పేపరు చేయించాక ‘తె’ ఎన్ని, ‘తొ’ ఎన్ని, ‘ఊ’ ఎన్ని అని సబ్జెక్టు వారీగా ఇక్కడ రాయండి. ఫిజిక్స్ ‘తె’లు ఏ చాప్టర్లవో కూడా రాస్తే, దేంతో మొదలుపెట్టాలో చెప్పగలను.