మంచాన ఉన్నవారికి ఊదారంగు మచ్చ వస్తే

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు, షుగరు ఉంది. తుంటి ఎముక ఆపరేషన్ అయ్యాక ఎక్కువ సేపు మంచం మీదే ఉంటున్నారు. నాలుగు రోజులుగా నడుము కింద ఊదారంగు మచ్చ కనిపిస్తోంది, నొప్పి లేదంటున్నారు. ఒత్తిడి వంటి భౌతిక సంకేతాలను బట్టి కణాలు తమంతట తామే చనిపోతాయని చదివాను. మసాజ్ యంత్రంతో కంపనాలు ఇస్తే అది ఆగుతుందా?

జవాబు: మీరు చదివింది నిజమే. ఇలా ఒక క్రమం ప్రకారం జరిగే కణమరణానికి 1972లో అపొప్టోసిస్ అని పేరు పెట్టారు. చాలా రకాల కణాలు తాము అంటిపెట్టుకున్న ఆధారం ఊడితే చనిపోతాయి. రక్తం ఒకే తీరుగా ఒరుసుకుంటూ పారితే రక్తనాళాల లోపొర కణాలకు రక్షణ. ప్రవాహం చెదిరే వంపుల దగ్గర వాటి మరణం పెరుగుతుంది. కానీ ప్రయోగశాలలో కొలిచి ఇచ్చే బలం వేరు, ఇంట్లో యంత్రం పెట్టి అదమడం వేరు. అది వద్దు.

నన్ను కలవరపెడుతున్నది ఆ ఊదారంగు. చూడకుండా నిర్ధారించలేను గాని, పడక పుండు మొదలైందేమోనని అనుమానం. ఎర్రబడిన చోట వేలితో నొక్కితే తెల్లబడి, వదిలాక మళ్లీ రంగు రావాలి. నొక్కినా మారకపోయినా, ఊదాకు తిరిగినా, పైచర్మం బాగానే కనిపిస్తున్నా లోపల ఎముకను ఆనుకున్న కండరం దెబ్బతిని ఉండవచ్చు. ఎముకకూ పరుపుకూ మధ్య నలిగి, రక్తం అందక కొన్ని కణాలు క్రమపద్ధతిలో చనిపోతాయి, కొన్ని పగిలిపోయి చుట్టూ వాపు తెస్తాయి. రుద్దితే ఆ నష్టం ఇంకా పెరుగుతుంది. వేడి కాపడం పెడితే అక్కడి కణాలకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. అందుతున్నదే అంతంత మాత్రం.

నొప్పి లేదని నాలుగు రోజులు ఆగారా? షుగరుతో నరాలు దెబ్బతిన్నవారికి నొప్పి తెలియకపోవచ్చు. మచ్చ కనిపించిన రోజే చూపించి ఉండాల్సింది. లోపల దెబ్బతిన్న భాగం ఒక్కసారిగా తెరుచుకుని లోతైన పుండు కావడం మేం తరచూ చూస్తుంటాం. అప్పుడు మానడానికి నెలలు పట్టవచ్చు.

ఈ రోజే వైద్యుడికి చూపించండి. ఈలోగా ఆ చోట బరువు పడనివ్వకండి. ఆపరేషన్ చేసిన వైద్యుడిని ఫోనులో అడిగి, ఆయన అనుమతించిన పక్కకు సుమారు 30 డిగ్రీలు వాల్చి, వీపు వెనుక దిండు పెట్టండి. దాదాపు రెండు గంటలకోసారి మార్చండి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా చూడండి, అవీ పరిశీలించండి. మధ్యలో రంధ్రం ఉండే గుండ్రటి దిండు వాడకండి. సొంతంగా యాంటీబయాటిక్ మొదలుపెట్టకండి. జ్వరం, దుర్వాసన, చీము, మగతలో ఏది కనిపించినా నేరుగా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు షుగరు రీడింగులు, మందుల చీటీ వెంట ఉంచుకోండి.