బీట్‌రూట్ జ్యూస్ తాగితే మూత్రం ఎర్రగా... కిడ్నీలు దెబ్బతిన్నట్లా?

ప్రశ్న: నా వయసు 34. మాది గుంటూరు. ఒంట్లో రక్తం తక్కువైందని, పక్కింటావిడ చెబితే పది రోజులుగా పొద్దున్నే బీట్‌రూట్ జ్యూస్ తాగుతున్నాను. మూత్రం ఎర్రగా వస్తోంది. మంట, నొప్పి లేవు. అదే జ్యూస్ తాగుతున్న మా వారికి మామూలుగానే వస్తోంది. కిడ్నీలు పాడయ్యాయేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి అది చాలావరకు బీట్‌రూట్ రంగే అయ్యుంటుందమ్మా. ఆ రంగు పేరు బీటానిన్. మనం తిన్నదాంట్లో ఎక్కువ భాగం కడుపులోని యాసిడ్‌కు, పేగుల్లోని బ్యాక్టీరియాకు విరిగిపోతుంది. మిగిలినదాంట్లో కొంచెం రక్తంలోకి వెళ్తుంది. ఒంటికి దానితో పెద్దగా పనిలేదు కాబట్టి కిడ్నీలు వడకట్టి బయటికి పంపేస్తాయి. అంటే మీ కిడ్నీలు వాటి పని అవి చేస్తున్నాయి. ఇలా రంగు కనిపించేది 100 మందిలో 10 నుంచి 14 మందికే. మీ వారికి రాకపోవడం అందుకే.

మరి రోజూ పప్పులో, కూరలో వేసే పసుపుతో మూత్రం ఎందుకు పచ్చబడదు? పసుపులోని కర్‌క్యుమిన్ పేగుల నుంచి రక్తంలోకి చేరేదే బహు తక్కువ. చేరిన ఆ కాస్తను కూడా లివర్ మార్చేసి, చాలావరకు పైత్యరసంతో మలంలోకి పంపుతుంది. ఒక్కో పదార్థానిది ఒక్కో దారి.

నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది మీ రక్తహీనత. ఐరన్ లోపం ఉన్నవాళ్లలో ఈ ఎరుపు ఎక్కువగా కనిపిస్తుంది. పైగా బీట్‌రూట్ ఎరుపుకూ రక్తం ఎరుపుకూ సంబంధం లేదు. 100 గ్రాముల దుంపలో ఐరన్ 1 మిల్లీగ్రాము కూడా ఉండదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 లెక్క ప్రకారం మీకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది) పరీక్షలు చేయించుకోండి. నెలసరిలో ఎక్కువగా పోతుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

రోజూ జ్యూస్ తాగడం కూడా మానండి. బీట్‌రూట్, పాలకూర, గోంగూరల్లో ఆగ్జలేట్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని మన ఒళ్లు విరగ్గొట్టలేదు, మూత్రంలోనే పోవాలి. మన గుంటూరు ఎండల్లో నీళ్లు తక్కువ తాగితే అదే రాళ్లు కడుతుంది. గోంగూర పప్పు తిన్న రోజు పెరుగన్నం కూడా తినండి. పెరుగులోని కాల్షియం పేగుల్లోనే ఆగ్జలేట్‌ను పట్టేసి మలంలోకి పంపుతుంది.

మూడు రోజులు బీట్‌రూట్ ముట్టకండి. రంగు పోతే భయం లేదు. పోకపోతే మాత్రం నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు, ఎందుకంటే నొప్పి లేకుండా రక్తం పడటమే ఒక్కోసారి పెద్ద జబ్బుకు గుర్తు. మర్నాడే మూత్ర పరీక్ష చేయించుకుని యూరాలజిస్ట్‌ను కలవండి.