శేషాచలంలో ఔషధ మొక్కల సర్వే: పిల్ల మొక్కల్ని కూడా లెక్కపెట్టండి

మీరు అడిగింది ఇది: ఎమ్మెస్సీ బోటనీ ప్రాజెక్టుకి శేషాచలం కొండల్లో ఔషధ మొక్కల సర్వే చేయాలి, ఎన్ని క్వాడ్రాట్లు (మొక్కలు లెక్కపెట్టడానికి నేల మీద కొలిచి గుర్తుపెట్టే చదరాలు) వేయాలి, స్థానికులని అడిగి పేర్లు, ఉపయోగాలు రాసుకుంటే సరిపోతుందా అని.

సరిపోదండీ. పరిశోధన చేసే రోజుల్లో ఆ కొండల్లోనే తిరిగాను, తర్వాత విద్యార్థుల్ని కూడా తీసుకెళ్లాను. మొక్క పేరు, ఏ జబ్బుకి వాడతారు అనే రెండు గళ్లతో ఆగిపోయిన జాబితాలు చాలా చూశాను. మొక్కలో ఏ భాగం తీస్తున్నారు, దాని పిల్ల మొక్కలు అడవిలో ఉన్నాయా అన్నది వాటిలో ఉండదు. నా దృష్టిలో అసలు సర్వే అదే.

నన్నారినే తీసుకోండి. రాయలసీమలో మనం తాగే నన్నారి షర్బత్‌కి సన్నటి వేర్ల సుగంధిపాల కంటే లావుపాటి గడ్డల డెకాలెపిస్ హామిల్టోనీనే ఎక్కువ వాడతారు. రాళ్ల సందుల్లో పెరిగే తీగ. మాతో వచ్చిన ఒక యానాది పెద్దాయన తీగ మొదలు కదపకుండా పక్క గడ్డ ఒకటి తీసి, మళ్లీ మట్టి కప్పేశాడు. బయటి నుంచి వచ్చేవాళ్లు మొత్తం పెకలిస్తున్నారని, తర్వాత అక్కడ తీగే ఉండదని ఎంతో బాధగా చెప్పాడు. ‘వేరు, చర్మానికి, జీర్ణానికి’ అని రాసుకుంటే ఈ సంగతంతా పోతుంది. తెల్ల కరక్కాయ (టెర్మినేలియా పాలిడా) సంగతి వేరు. కాయలు ఏరుకుంటే చెట్టు చావదు. కానీ అన్నీ ముసలి చెట్లే ఉండి, కింద మొలకలు లేకపోతే అది కూడా ప్రమాదమే.

అందుకే కొలతలు జాగ్రత్తగా తీసుకోండి. చెట్లకి 20×20 మీటర్లు, అందులోనే పొదలకి 5×5, గుల్మాలకి (మెత్తటి కాండం ఉన్న చిన్న మొక్కలకి) 1×1 వేయండి. కాండం చుట్టుకొలత నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో, వాలులో అయితే ఎగువ వైపు నిలబడి తీయాలి. 30 సెంటీమీటర్లు దాటినవి చెట్లు. అంతకంటే సన్నవి, మొలకలు విడిగా రాయండి. క్వాడ్రాట్లు ఎన్ని అన్నదానికి ముందే ఒక అంకె పెట్టుకోవద్దు. కొత్త క్వాడ్రాట్ వేసినా కొత్త జాతులు పెద్దగా రాకపోతే అక్కడికి చాలు. అయితే వాగుల వెంట ఒకటి, ఎర్రచందనం ఉండే ఎండు వాలుల్లో ఒకటి, ఇలా విడివిడిగా చూడాలి. తలకోన లోయలో గిల్లతీగ చుట్టుకున్న తేమ అడవి, పైన రాతి గట్టు మీద కొండ సాంబ్రాణి చెట్లు ఉన్న చోటు, రెండూ కలిపి సగటు తీస్తే ఏ అడవీ కనిపించదు.

ఎండాకాలంలో ఒక్కసారి వెళ్లి రావద్దు. ఈశాన్య రుతుపవనాల వానలు కూడా అందే కొండలు కాబట్టి గుల్మాలకి సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా మంచి కాలం. కొండ కొత్తిమీర లాంటివి ఎండల్లో పైన ఎండిపోయి గడ్డగా నేలలో ఉండిపోతాయి.

పేర్లు ఇంటి దగ్గర ఫొటో చూపించి అడగొద్దు, అడవిలో మొక్క దగ్గరే అడగండి. ప్రతి మొక్కకీ పూత లేదా కాయ ఉన్న కొమ్మ ప్రెస్ చేసి, తిరుపతి ఎస్వీయూ (శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం) హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోట, పోల్చి చూడండి. ముష్టి, చిల్లగింజ ఒకే ప్రజాతి (జీనస్). ఒకటి విషం, ఇంకొకటి నీళ్లు తేర్చే గింజ. కాయలు లేనప్పుడు ఆకు చూసి తేల్చేయకండి. మందు తయారీ వివరాలు చెప్పినవాళ్ల ఒప్పుకోలు లేకుండా రిపోర్టులో పెట్టొద్దు.

అటవీ శాఖ అనుమతికి ఇప్పుడే దరఖాస్తు చేయండి. శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్క్ లోపలైతే ఆకు కోయడానికి కూడా విడిగా రాతపూర్వక అనుమతి కావాలి. ఎర్రచందనం దొంగరవాణా వల్ల అక్కడ నిఘా ఎక్కువ, ఆ కాగితం జేబులో ఉంచుకుని తిరగండి.