ఫొటో పెట్టమంటున్నారు, చేతులు రావడం లేదు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. బీకాం కంప్యూటర్స్ ఫైనలియర్. సాయంత్రాలు ఒక బట్టల షాపులో బిల్లింగ్ చేస్తాను, షాపు ఇన్‌స్టాగ్రామ్ పేజీ కూడా నేనే చూస్తాను. మా సేల్స్‌మన్ అన్న షాపు క్యూఆర్ కోడ్ బదులు తన సొంతది చూపించి కస్టమర్ల డబ్బులు వేయించుకున్నాడని ఓనర్ పనిలోంచి తీసేశారు. ఇప్పుడు అతని ఫొటో, ఆధార్ కార్డు పేజీలో పెట్టి 'ఈ దొంగను ఎవరూ పనిలో పెట్టుకోవద్దు' అని రాయమంటున్నారు. పెట్టకపోతే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇవ్వరేమోనని టెన్షన్. మిగతా షాపులవాళ్లకు తెలియడం మంచిదే కదా అని కూడా అనిపిస్తోంది. ఏం చేయాలి సార్?

జవాబు: అమ్మా, ముందు ఆధార్ సంగతి తేల్చేద్దాం. ఒకరి ఆధార్ నంబరును బహిరంగంగా పెట్టడాన్ని ఆధార్ చట్టం 29వ సెక్షన్ నిషేధించింది. పనిలో చేరేటప్పుడు ఇచ్చిన జిరాక్సు ఊరంతా పంచడానికి కాదు. దాని మీద ఇంకో మాట అక్కర్లేదు.

ఇక ఫొటో. మీ ఓనర్ కోపాన్ని నేను తప్పుపట్టను. బట్టలైనా బంగారమైనా మన ప్రొద్దుటూరు వ్యాపారం చాలావరకు నమ్మకం మీదే నడుస్తుంది. నమ్మి అప్పగించిన యజమాని సొమ్మును ఉద్యోగి కాజేస్తే భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు. పోనీలే అని వదిలేసే విషయం కాదు.

కానీ నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అతను డబ్బు మళ్లించడం నువ్వు చూశావా, ఓనర్ చెప్తే విన్నావా అన్నది అందులో లేదు. అడిగితే అతను ఏం చెప్పాడన్నదీ లేదు. కొన్నేళ్ల కిందట ఒక కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. స్టాక్ తగ్గిందని ఓనర్ అతని ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో తిప్పించాడు. తీరా చూస్తే, వెనక్కి వచ్చిన సరుకుకు రిటర్న్ ఎంట్రీ పడలేదంతే. ఓనర్ మంచివాడే, క్షమాపణ కూడా చెప్పాడు. కానీ పెదవి దాటితే పృథివి దాటుతుందంటారే, ఆ ఫొటో అప్పటికే ఎవరెవరి ఫోన్లలోకో వెళ్లిపోయింది. ఆ పిల్లోడు బెంగళూరు వెళ్లి పని వెతుక్కున్నాడు.

సరే, ఇక్కడ దొంగతనం నిజమే అనుకుందాం. అప్పుడు కూడా ఎవరికి చెప్తున్నామన్నది చూడాలి. పోలీసులకు చెబితే వాళ్లు అతన్నీ పిలిచి అడుగుతారు. రేపు ఇంకో షాపతను ఫోన్ చేసి 'మీ దగ్గర చేసిన పిల్లోడు ఎట్లాంటోడన్నా?' అంటే మీ ఓనర్ ఉన్నదున్నట్టు చెప్పొచ్చు. పరువునష్టాన్ని నేరంగా చూసే న్యాయ సంహిత 356వ సెక్షనే, వినేవాళ్ల మేలు కోరి సదుద్దేశంతో చేసే హెచ్చరికను మినహాయించింది. పేజీలో పెడితే చూసేది మాత్రం పని ఇచ్చేవాళ్లే కాదు. అతని బిడ్డ క్లాసులో పిల్లలు చూస్తారు, చెల్లెలికి సంబంధం చూస్తున్నవాళ్లు చూస్తారు. కోర్టులో 'నిజమే రాశాం' అంటే సరిపోదు, అది ప్రజల మేలు కోసమే రాశామని కూడా చూపించాలి. శిక్ష రెండేళ్ల దాకా ఉండొచ్చు. రాయించింది ఓనరైనా పోస్టు వెళ్లేది నీ చేతి మీదుగా, అది మర్చిపోవద్దు.

2022లో విప్రో, పోటీ కంపెనీలకూ పనిచేస్తున్నారని 300 మందిని తీసేసింది. ఛైర్మన్ ఆ సంఖ్య బయటికి చెప్పారు, పేర్లు చెప్పలేదు. బ్యాంకులు కావాలని అప్పు ఎగ్గొట్టినవాళ్ల ఫొటోలు వేస్తాయి కదా అంటావేమో. అక్కడ కూడా ముందు నోటీసు ఇచ్చి, అతని వాదన విని, ఆ తర్వాతే వేయాలి.

ఓనర్‌తో వట్టి 'నేను పెట్టను' అనకు. మొండికేసిందనుకుంటారు. 'అన్నా, ఫొటో పెడితే మన డబ్బు వెనక్కి రాదు, కేసు మన మీదికే తిరుగుతాది. లెక్క నేను తీసిస్తా, స్టేషన్‌లో ఇద్దాం' అను. అన్నట్టే తీసి ఇవ్వు. బిల్లు నంబరు, తేదీ, మొత్తం, షాపు ఖాతాలో జమ పడిందా లేదా. ఏ కస్టమరైనా పేమెంట్ స్క్రీన్‌షాట్ ఇస్తే అందులోని 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరు, డబ్బు ఎవరి పేరున వెళ్లిందో కూడా రాసుకో. పేజీలో ఏదో ఒకటి పెట్టాల్సిందే అంటే, 'షాపు పేరు చూసుకుని మాత్రమే స్కాన్ చేయండి, సౌండ్ బాక్స్ మోగాకే కౌంటర్ వదలండి' అని పెట్టు. అతను మీ షాపులో పనిచేయడం లేదన్న ఒక్క ముక్క రాసినా తప్పులేదు. 'దొంగ' అన్న మాట వద్దు.

సర్టిఫికెట్ గురించి అంత భయం అక్కర్లేదు. ఫ్రెషర్ ఉద్యోగానికి పార్ట్‌టైమ్ లెటర్ లేకపోయినంత మాత్రాన ఎవరూ వెనక్కి పంపరు. జీతం ఖాతాలో పడుంటే ఆ స్టేట్‌మెంటు దాచుకో. నిజం చెప్పాలంటే, బిల్లులకూ జమలకూ తేడా పట్టుకుని కాగితం మీద పెట్టడం ఆ లెటర్ కన్నా విలువైన పని. ఆడిటర్ ఆఫీసుల్లో చేరినవాళ్లకు మొదట నేర్పేది ఇలాంటి పనే. ఇంటర్వ్యూలో అడిగితే షాపు పేరు, మనిషి పేరు రాకుండా, తేడా ఎలా పట్టుకున్నావో చెప్పు. ఆ లెక్క ఎక్సెల్‌లో తయారయ్యాక, పేర్లు తీసేసి నాకు ఒకసారి చూపించు.