గడప దాటకుండానే నాలుగుసార్లు దేశం మారారు

ప్రశ్న: మా అబ్బాయి ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో చదువుతున్నాడు. అక్కడ ఊళ్ల పేర్లు, వంటలు అన్నీ జర్మన్ల మాదిరే ఉన్నాయట. డిసెంబరు 26న వాడికి సెలవు, పారిస్‌లో ఉన్న మా మేనల్లుడికి లేదు. ఒకే దేశంలో ఇదేమి చోద్యమండీ?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ అబ్బాయి ఉన్నది అల్సాస్‌లోనమ్మా. తూర్పున రైన్ నది, పడమట వోజ్ కొండలు, నడుమ ద్రాక్షతోటలు. సరిహద్దు నది అని ఫ్రాన్స్, కాదు కొండలని జర్మనీ. గట్టు తగాదా అన్నమాట.

1870 మొదట్లో స్ట్రాస్‌బర్గ్‌లో ఓ పాప పుట్టిందనుకోండి. పుట్టుకతో ఫ్రెంచి. 1871లో ఉయ్యాలలో ఉండగానే జర్మన్. 1918లో, నడివయసులో, మళ్లీ ఫ్రెంచి. 1940లో హిట్లర్ సేనలు వచ్చాయి, 1944 నవంబరులో పోయాయి. గడప దాటకుండానే నాలుగు మార్పులు! రేషన్ కార్డులో చిరునామా మార్చుకోవడానికే మనకు తల ప్రాణం తోకకు వస్తుంది.

సెలవుల సంగతికి వస్తాను. 1918లో ఫ్రాన్స్‌లో కలిసినా, జర్మన్ల నాటి చట్టాల్లో పనికొచ్చేవాటిని అల్సాస్ వాళ్లు వదల్లేదు. డిసెంబరు 26, గుడ్ ఫ్రైడే సెలవులు అలా దక్కినవే. మతాన్నీ ప్రభుత్వాన్నీ విడదీస్తూ 1905లో ఫ్రాన్స్ చట్టం చేసేనాటికి వీళ్లు జర్మనీలో ఉన్నారు కనుక, ఇక్కడి చర్చి గురువులకు నేటికీ సర్కారు జీతమే. రైళ్లు కూడా అంతే. ఫ్రాన్స్‌లో ఎడమ పట్టాల మీద నడిచేవి, ఇక్కడ కుడివైపు నడుస్తాయి. పాత సరిహద్దు దగ్గర ఒక లైను రెండో దాని మీదుగా వంతెనెక్కి పక్క మారుతుంది. ఆ వింత చూడాలని పారిస్ నుంచి కిటికీకి అతుక్కుని కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే కునుకు పట్టింది.

అన్నీ నవ్వులాటలు కావు. 1942 నుంచి లక్షకు పైగా కుర్రవాళ్లను బలవంతంగా జర్మన్ సైన్యంలోకి లాగారు. ఫ్రెంచి టోపీ పెట్టుకోవడం కూడా నేరమే.

వీధుల పేర్లూ మార్చారు. ములూజ్ పట్టణంలో సోవాజ్ వీధి ఉంది, సోవాజ్ అంటే అడవి మనిషి. ఆ పేరు తీసి హిట్లర్ పేరు పెట్టారు. ఊరివాళ్లకు పెద్ద తేడా తెలిసి ఉండదు. ఇప్పుడు మళ్లీ పాత పేరే. ఆ బోర్డు ఫొటో తీసి పంపమని మీ అబ్బాయికి చెప్పండి.